పాటల పట్టికయు పాలమూరి పాటయు



కృష్ణా తుంగభద్రల నడుమ నున్న మన నడిగడ్డలో, అయిజ అంగడివీథిని సాయంకాలము టీకొట్టు బల్లమీద కూర్చుండు యువకులు, పత్తివిత్తనముల ధరను గూర్చియు, ఆర్డీఎస్ కాలువకు ఈ యేడు చివరి పొలముదాక నీరు వచ్చునా రాదా యను దానిని గూర్చియు మాటలాడుకొనిన పిమ్మట, అంతే శ్రద్ధతో తర్కించు మూడవ విషయ మొకటి కలదు. ఏ పాట ఎన్ని కోట్లు దాటినది, ఏది ట్రెండింగులో మొదటిది, ఏ హీరో పాట ఏ హీరో పాటను వెనుకకు నెట్టినది అనునదే ఆ విషయము. పాట బాగున్నదా అని అడుగుటకు ముందే దాని స్థాన మెంత అని అడుగుట నేటి ఆచారమైనది. ఈ ఆచారమునకు డెబ్బది యేండ్లకు మించిన చరిత్ర యున్నది. ఆ చరిత్రలో మన పాలమూరి పాటకు దొరకిన చోటును, దొరకని చోటును చెప్పుకొనుట ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

1952వ సంవత్సరము నవంబరు 14వ తేదీని, లండనులో న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అను సంగీతపత్రిక, ఆ వారము బ్రిటనులో మిక్కిలిగా అమ్ముడువోయిన గ్రామఫోను రికార్డుల పట్టికను మొట్టమొదటిసారిగా ప్రకటించెను. ఇట్టి పనిని అమెరికాలో బిల్‌బోర్డు పత్రిక 1940లోనే ఆరంభించి యుండెను గాని, లండను పట్టిక పుట్టిన విధము మరింత ముచ్చటైనది. పర్సీ డికిన్స్ అను ఆ పత్రికోద్యోగి, తనకు తెలిసిన ఇరువదిమంది వరకు దుకాణదారులకు టెలిఫోను చేసి, ఈ వారము మీ కొట్టులో ఏ రికార్డులు ఎక్కువగా పోయినవని అడిగి, వారు చెప్పిన పేర్లను కాగితముమీద వ్రాసికొని, కూడికలు వేసి, వరుస పెట్టెను. అల్ మార్టినో అను అమెరికా గాయకుని పాట అందు మొదటిదై తొమ్మిది వారములు కదలక నిలిచెను. ఒక దేశపు సంగీతాభిరుచికి కొలబద్దగా నేటికిని చెప్పుకొనబడు పట్టికకు పునాది, నాడు ఒక బల్ల, ఒక టెలిఫోను, ఒక పెన్సిలు.

సరిగా మూడు వారములు నిండకముందే, అదే సంవత్సరము డిసెంబరు 3వ తేదీ బుధవారము రాత్రి, రేడియో సిలోనునుండి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా అను హిందీ సినిమాపాటల కార్యక్రమమును ఆరంభించెను. ఈ రెండు ఘటనలకును సంబంధ మేమియు లేదు. అయినను వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనని నాకు తోచును. ఏలయన, లండనువారు లెక్కించినది రొక్కమిచ్చి రికార్డు కొనినవారిని. సిలోనువారికి బలము కార్డుముక్క వ్రాసి టపాలో వేసినవారు. రికార్డు కొనుటకు ముందు గ్రామఫోను ఉండవలెను, గ్రామఫోనుకు ముందు ఇంట ధనముండవలెను. కార్డు వ్రాయుటకు అక్షరజ్ఞానమును, కొన్ని పైసలును చాలును. గీత్‌మాలా వారును రికార్డుల అమ్మకములను, శ్రోతల సంఘముల అభిప్రాయములను కూడ లెక్కలోనికి తెచ్చిరి గాని, దాని కీర్తికి మూలము మాత్రము ఆ ఉత్తరముల మూటలే.

సిలోనునకు అంతటి భాగ్యము పట్టుటకు కారణము మన ఢిల్లీయే. 1952 మొదలు పదేండ్లు సమాచార ప్రసారశాఖకు మంత్రిగా నున్న బి.వి.కేస్కర్ శాస్త్రీయ సంగీతమునందు గాఢమైన భక్తి గలవారు. సినిమాపాట జాతి రుచిని చెరచునని నమ్మి, ఆకాశవాణిలో దానికి తావు తగ్గించిరి. తగ్గింపగా శ్రోతలు శాస్త్రీయ సంగీతము వైపు మరలలేదు, రేడియో ముల్లును సిలోను వైపు మరల్చిరి. చివరకు 1957 అక్టోబరు 3వ తేదీని వివిధభారతిని స్థాపించి, పోయిన శ్రోతలను ఆకాశవాణి తిరిగి పిలుచుకొనవలసి వచ్చెను. పెద్దలు రుచిని శాసనము చేసి నేర్పబూనినపు డెల్ల ఇట్లే జరుగునని నా అభిప్రాయము. మన తెలుగువారికి హిందీ పాటలతోపాటు, సిలోను కేంద్రపు తెలుగు ప్రసారములలో మీనాక్షీ పొన్నుదురై గారి కంఠమును ఆ దినములలోనే అలవడెను. ఆమె తెలుగు ఉచ్చారణలోని వింత సొగసును అనుకరించి చూపు పెద్దలు మన గ్రామములలో నేటికిని కలరు.

కార్డుల లెక్కలో మోసము లేదని చెప్పజాలము. ఝుమ్రీ తిలయ్యా అను అభ్రకపు గనుల పట్టణము, నాడు బిహారులోనిది, నేడు ఝార్ఖండులోనిది, పాటలు కోరుచు ఉత్తరములు వ్రాయుటచేతనే దేశమంతట పేరు పొందెను. ఒక ఊరివారు పంతముపట్టి వ్రాసినచో వారి కోర్కె దేశపు కోర్కెగా వినబడును. నేడు అభిమానసంఘములవారు రాత్రింబవళ్ళు ఫోనులలో ఒకే పాటను త్రిప్పి త్రిప్పి లెక్క పెంచుటకు ఝుమ్రీ తిలయ్యావారిని మూలపురుషులుగా ఎన్నవచ్చును. భేదమేమనగా, వారు తపాలాశాఖకైన ఆదాయము కల్పించిరి.

ఇక పాటలు విడివిడిగా కాక ఒక గుచ్ఛముగా వెలువడుట, అనగా ఆల్బమ్ అనునది, వేరొక కథ. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ, ఒక్కొక్క ప్రక్క ఇరువది నిమిషములకు పైగా మ్రోగు పెద్ద రికార్డును తెచ్చిన పిమ్మటనే, ఒక గాయకుడో ఒక వాద్యబృందమో పది పన్నెండు పాటలను ఒకే ఊపిరిలో చెప్పు కథవలె కూర్చు కళ పెంపొందెను. అట్టి ఆల్బములలో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అను బృందము 1977 ఫిబ్రవరి 4వ తేదీని విడుదల చేసిన రూమర్స్ అనునది, పట్టికల చరిత్ర తెలిసికొనగోరువారు తప్పక చూడవలసినది. ఆ బృందము 1967లో లండనులో పుట్టినది. పిదప అమెరికా చేరి, ఇద్దరు స్త్రీలు, ముగ్గురు పురుషులు గల అయిదుగురి బృందమైనది. 1976లో శాన్‌ఫ్రాన్సిస్కోకు సమీపమున సాసలిటో అను ఊర ధ్వనిముద్రణ ఆరంభించునాటికి, వారిలో జాన్, క్రిస్టీన్ మెక్‌వీ దంపతులు విడిపోయిరి. లిండ్సే బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ అను ప్రేయసీప్రియులు విడిపోవుచుండిరి. డ్రమ్ములు వాయించు మిక్ ఫ్లీట్‌వుడ్ సంసారమును చెదరుచుండెను. ఒకరినొకరు నిందించుచు వ్రాసిన పాటలకు, ఆ నిందింపబడినవారే ప్రక్కన నిలిచి గొంతు కలుపవలసివచ్చెను.

ఆ ముద్రణలో నన్ను మిక్కిలి ఆకర్షించునది టేపు కథ. ఇరువదినాలుగు ట్రాకుల అయస్కాంతపు టేపును, పాటలపై పాటలు, గొంతుపై గొంతు చేర్చుచు నెలలతరబడి త్రిప్పి త్రిప్పి వాడుటచేత, దానిమీది పూత అరిగి రాలిపోవుచు, డ్రమ్ముల ధ్వని జీవము లేనిదయ్యెను. అదృష్టవశమున మొదటి ముద్రణయొక్క వాడని ప్రతి యొకటి భద్రముగా నుండెను. వారి యంత్రములలో రెండు టేపులను తమంత తాము కలిసి నడచునట్లు చేయు సాధనము లేకపోవుటచే, నిపుణు డొకడు చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని, ఒక చెవిని పాత టేపులోని డ్రమ్మును, రెండవ చెవిని క్రొత్త టేపులోని డ్రమ్మును వినుచు, వేగపు మీటను చేతితో సవరించుచు, రెండు ధ్వనులును నడినెత్తిన ఒక్కటిగా వినబడునంతవరకు ఒక్కొక్క పాటను జతపరచెను. కోట్లకొలది జనము వినిన ఆ సంగీతము ఒక మనుష్యుని రెండు చెవుల నడుమ తూగి బయటపడినది.

ఫలితమేమనగా, అమెరికా పట్టికలో రూమర్స్ అన్నియు కలిపి 31 వారములు మొదటి స్థానమున నుండెను. 1978లో ఆ యేటి ఉత్తమ ఆల్బమునకు గ్రామీ పురస్కారమును పొందెను. ప్రపంచమున నాలుగు కోట్ల ప్రతులకు మించి అమ్ముడువోయెను. అదే ఆల్బము బ్రిటనులో మొదటి స్థానమున నిలిచినది ఒక్క వారము మాత్రమే. అయినను ఆ దేశమున అత్యధికముగా అమ్ముడువోయిన ఆల్బములలో నేటికిని దాని పేరున్నది. శిఖరమెక్కుట వేరు, కొండమీద కాపురముండుట వేరు. ఇంకను వింత యేమనగా, 2020లో ఒక శ్రామికుడు రహదారిమీద స్కేట్‌బోర్డుపై పోవుచు, సీసాలోని పండ్లరసము త్రాగుచు, ఆ ఆల్బములోని డ్రీమ్స్ అను పాటకు పెదవులు కదపిన చిన్న దృశ్యము ఫోనులలో వ్యాపించి, నలుబదిమూడేండ్ల వయస్సు గల ఆ ఆల్బమును తిరిగి అమెరికాలో మొదటి పదింటిలోనికి ఎక్కించెను. అప్పటికి లెక్కింపు పద్ధతియు మారియుండెను. 2014 డిసెంబరునుండి బిల్‌బోర్డువారు, ఒక ఆల్బములోని పాటలను స్ట్రీమింగులో 1500 మారులు వినినచో ఒక ప్రతి అమ్మినట్లు ఎంచ నారంభించిరి. పిదప రొక్కమిచ్చి వినువారికొక లెక్క, ప్రకటనలతో ఉచితముగా వినువారికొక లెక్క ఏర్పరచిరి. అనగా ఉచితముగా వినువాని చెవి విలువ, రొక్కమిచ్చువాని చెవి విలువకన్న తక్కువయని పత్రికాముఖమున నిర్ణయమైనది!

మన తెలుగునాట ఆల్బము అనగా సినిమా. క్యాసెట్టుల కాలమున ఒక ప్రక్క మూడు, రెండవ ప్రక్క మూడు పాటలతో వచ్చినదే మన ఆల్బము. దాని నాయకుడు గాయకుడు కాడు, నటుడు. దాని విజయమును ప్రకటించుటకు పట్టిక లేదు, ప్లాటినం డిస్కు ఫంక్షను ఉండెను. అమ్మినవారే లెక్క చెప్పి, అమ్మినవారే వేదిక కట్టి, అమ్మినవారే శాలువ కప్పు ఆ వేడుకలను సంఖ్యాశాస్త్రముగా ఎవరును గ్రహింపలేదు, ఉత్సవముగా గ్రహించిరి. అది తప్పని నేననను. సినిమాకు వెలుపల మన భాషలో బ్యాండు కట్టి పాడుట మాత్రము అరుదై, ఇటీవలి కాలముననే కొంత బలమందుకొన్నది. హైదరాబాదులో ఏర్పడిన చౌరస్తా బృందము వానిలో నాకు ముఖ్యముగా తోచును. గిటారు, డ్రమ్ములు, రెగ్గే నడక, వానిమీద పల్లె మాట. వారి మాయ అను పాటయు, ఊరు విడిచి పట్టణము చేరినవాని ఇంటిబెంగను చెప్పు పాటలును యువకుల ఫోనులలో చేరినవి. కరోనా తొలినాళ్ళలో చేయి కలుపవద్దు, నమస్కారము పెట్టుమని వారు చెప్పిన పాట ఇంటింట వినబడెను. ఆ బృందమున పాడిన రామ్ మిరియాల గొంతును వెంటనే సినిమా పిలిచినది. మన దేశమున బ్యాండు అనునది సినిమాకు నారుమడి. మొలక పచ్చబడగానే పీకి వేరొక పొలమున నాటుదురు.

అదే రామ్ మిరియాల తక్కిన గాయకులతో కలిసి పాడిన ఒక సినిమా పాట, మన జిల్లాల కథను పట్టిక ఎదుటికి తెచ్చెను. 2021 సెప్టెంబరు 2వ తేదీని విడుదలయైన భీమ్లానాయక్ పాటకు తమన్ స్వరకర్త, రామజోగయ్య శాస్త్రి రచయిత. ఆ పాట గిటారుతో గాని డ్రమ్ముతో గాని మొదలు కాదు. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలము, అవుసలికుంట గ్రామమునకు చెందిన దర్శనం మొగిలయ్య గారి పన్నెండు మెట్ల కిన్నెరతో మొదలగును. కిన్నెరను దగ్గరగా చూచినవారికి అది వాద్యమో, అలంకరించిన దేవతావాహనమో తెలియదు. వెదురు దండెమునకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుదురు; మెట్లను తేనెమైనముతో దండెమున నిలుపుదురు; నెమలిపింఛములు, పూసలు, అద్దపుముక్కలు తగిలింతురు. వ్రేలు మెట్టునుండి మెట్టునకు ప్రాకుచుండ, గొంతు దానివెంట కథ చెప్పుచుండును. ధనవంతులను దోచి బీదలకు పెట్టిన పండుగ సాయన్న కథ, మియాసాబు కథ మొదలగునవి కిన్నెర పట్టు కుటుంబములవారు ఊరూర తిరిగి, గ్రాసము పుచ్చుకొని చెప్పినవి. ఆ కథలను ఎందరు వినిరో ఏ డికిన్సైనను టెలిఫోను చేసి అడుగలేదు.

సినిమా పాట వెలువడిన నాటనుండి ఆయన పేరు ఇంటింటికి తెలిసెను. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటింపబడెను. రాష్ట్ర ప్రభుత్వము ఇంటిస్థలమును, కోటి రూపాయలను ప్రకటించెను. రెండేండ్లు గడచునప్పటికి, 2024లో, ఆయన హైదరాబాదు సమీపమున కట్టడపు పనిలో కూలి చేయుచున్నట్లు పత్రికలలో వార్తలు వచ్చెను. ఆ యేడే నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప గారికి బుర్రవీణ విద్యకు పద్మశ్రీ లభించినది. పాత పాలమూరు జిల్లా నుండి, సొరబుర్రకు తీగ కట్టి వాయించు ఇద్దరికి రెండేండ్ల ఎడముతో పద్మశ్రీ రాగా సంతోషింపనివా రెవరు? కాని ఈ సంతోషముతో లెక్క తీరదు. 2012లో కాపీరైటు చట్టమునకు జరిగిన సవరణ, సినిమాపాట రచయితకును స్వరకర్తకును రాయల్టీలో భాగము విడువరాని హక్కుగా చేసినది. గాయకునికిని వాద్యకారునికిని వాణిజ్యోపయోగములందు భాగమున్నదని ఒప్పుకొన్నది. మరి పండుగ సాయన్న కథకు రచయిత ఎవరు? ఏ తాత ఏ మెట్టున ఏ పలుకు చేర్చెనో ఎరుగనిచోట, భాగము అడుగుటకు పేరు లేదు. మన గద్వాల సంస్థానమున పండితులు రాజసభలో పరీక్షకు నిలిచి, నెగ్గి, వార్షికములు పొందెడివారని మనము గర్వముతో చెప్పుకొందుము, చెప్పుకొనదగినదే. ఆ సభలకు శ్లోకము వ్రాసినవాడు పోయెను గాని కిన్నెర పట్టినవాడు పోలేదు. వాని పరీక్ష మఱ్ఱిచెట్టు క్రింద జరిగెను, వాని వార్షికము జొన్నలు.

ఇందువలన నాకు తోచిన దొక్కటి. పట్టిక ఏనాడును వినికిడిని లెక్కింపలేదు. మొదట కొనుబడిని లెక్కించినది, తరువాత ఉత్తరమును లెక్కించినది, ఇప్పుడు మీట నొక్కుటను లెక్కించుచున్నది. ఈ మూడును ఒంటరి మనుష్యుడు చేయు పనులు. మన నడిగడ్డలో పాట వినుట గుంపుపని. తిక్క వీరేశ్వరస్వామి జాతరలో, బండలాగు పోటీలకు ఎద్దులు వరుసలో నిలిచియుండ, మైకులో మ్రోగు పాటను వేలమంది విందురు. పట్టికలో అది సున్న. పత్తిచేనులో పూలకు పుప్పొడి కూర్చు క్రాసింగు పనికి పోవు ఆడవారు ఆటోలో పెన్‌డ్రైవు పాటలు వినుచు పోదురు, అదియు సున్న. ఒక బిడ్డ అన్నము తినుటకై తల్లి ఫోనులో ఒకే పాటను పదిమారులు పెట్టినచో ఆ వినికిడులు మాత్రము లెక్కకు వచ్చును. ఇక రాయచూరు వైపునుండి వచ్చు కన్నడ పాటలను మన సరిహద్దు ఊళ్ళవారు ఎంత విందురో, ఏ భాషా పట్టికలోను తెలియదు.

అయినను ఫోను మన పాటకు మేలు చేయలేదనుట అన్యాయము. పాలమూరి యువకుడు రాము రాథోడ్, ప్రభతో కలిసి పాడిన బొంబాయి పాట, సినిమా అండ లేకయే కోట్ల వీక్షణములు దాటినది. ఆ పాటలో బొంబాయికి రానను మాటకు మన జిల్లాలలో ఉన్న బరువు అన్యులకు తెలియకపోవచ్చును. పాలమూరు లేబరు అను పేరుతో, మేస్త్రీల వద్ద ముందుసొమ్ము తీసికొని, ఆనకట్టలకును మేడలకును మట్టి మోయ బొంబాయి పోయిన తరముల మనుమలు, నేడు బొంబాయిని పెండ్లి ఆటపాటగా చేసికొనిరి. ఆ పాటను నగలు గాజుల సరసముగా విను పట్టణవాసి, తాను ఒక వలసకథను వినుచున్నానని ఎరుగడు. ఎరుగకపోయినను తాళము తప్పడు.

అయిజ చుట్టుప్రక్కల నిజమైన పట్టికను చూడగోరువారు పెండ్లి బరాతు ముందు నడచు డీజే బండి వెనుక నిలువవలెను. ఆ బండిమీద ల్యాప్‌టాపు పెట్టుకొని కూర్చుండు కుర్రవాడు ఎంత వరుస పెట్టుకొని వచ్చినను, చిందులాడువారు దానిని గడియ గడియకు మార్చుచుందురు. “ఇంకోపారి ఎయ్యన్నా” అని పదిమంది అరచిన పాట మొదటిది. ఎవరును అరువని పాట సగములో ఆగును. టెలిఫోను లేదు, కార్డు లేదు, కోట్లు లేవు. ఈ కుర్రవాండ్రలో పెక్కుమంది భీమ్లానాయక్ పాటను కిన్నెర భాగము దాటించి, డ్రమ్ము పడుచోటనుండియే మొదలుపెట్టుదురు, ఏలయన కిన్నెరకు గుంపు అడుగు పడదు. మొన్న ఒక బరాతులో వరుని మేనమామ బండి కమ్మీ పట్టుకొని, “ముందలనుంచి ఎయ్యి బిడ్డా, కిన్నెర ఇడిసిపెట్టకు” అని పట్టుబట్టగా, వాడు విసుగుతోనే మొదటినుండి వేసెను. ఆడువారు ఆ కొంతసేపు నీళ్ళపొట్లములు చింపి త్రాగి, చొక్కాచేతులతో ముఖములు తుడుచుకొని, డ్రమ్ము పడగానే మరల ఎగిరిరి. మేనమామయు వారితో ఎగిరెను.